పదకొండోవాడి పాట: టీకా తాత్పర్యం

మూలం: "వన్ డౌన్ బ్యాట్స్‌మన్ బయల్దేరాడు, డీజే తమ్ముడూ, పాట వెయ్యి!"

టీక: వన్ డౌన్ = మొదటి వికెట్టు పడ్డాక దిగవలసినవాడు; బయల్దేరాడు = టెన్నిస్ బంతికి ప్యాడ్లతో పనిలేదు గనుక బ్యాటు చంకన పెట్టుకుని లేచాడు; డీజే తమ్ముడూ = ట్రాక్టరు ట్రక్కులో బాక్సులు పేర్చుకుని కూర్చున్నవాడా; పాట = ఆ కుర్రాడి హీరోది; వెయ్యి = బంతి పడేలోగా ఆపు అని కూడా.

తాత్పర్యం: నల్లజర్ల మెట్టలో సంక్రాంతి టోర్నమెంట్లకు ఈ పాట 2008లో మొదలైన ఐపీఎల్ పెట్టిన వేషమని కొందరంటారు. షికాగో వైట్‌సాక్స్ బేస్‌బాల్ మైదానంలో 1970 నుంచి ఆర్గాన్ వాయించిన నాన్సీ ఫౌస్ట్ ఆటగాడికో పాట ఎత్తుకునేవారు, అదీ నిజమే. అయితే పాత్రకో దరువు కట్టడం కూచిపూడివారికి ఎప్పటినుంచో ఉన్నదే. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటే సత్యభామ ముందు జడను మాత్రం తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తానెవరో ఆ తర్వాత ప్రవేశ దరువులో చెబుతుంది. వచ్చిందెవరో చెప్పడమే దరువు పని. ఊరి గ్రౌండులో ఆ అవసరం మరీ ఎక్కువ. చొక్కా వెనక పేరుండదు, ఉన్నా అది వాళ్ల అన్నయ్యది. గట్టు మీద చెరుకు నములుతున్నవాడికి పాట వినబడితేనే ఫలానావాడు దిగాడని తెలుస్తుంది. అందుకని అందరికీ ఒకే మాస్ పాట వేసే డీజేకి దరువు తెలియదనే చెప్పాలి. పదకొండోవాడికి పాట ఎగ్గొట్టడం అంతకన్నా తప్పు, జనం గుర్తుపట్టనిది వాణ్నే కదా.

ఆక్షేపం: అర నిమిషం పాటకు దిగి మొదటి బంతికే డకౌటైతే నవ్వులపాలు కాడా? అయితే కానీ. సత్యభామ దరువంతా గొప్పలే, ఆ మీదట కథంతా ఆ గొప్పలు కరగడమే; దాన్ని రసభంగమని ఎవరూ అనలేదు. పాట సాగదీస్తేనే చిక్కు. వికెట్టు పడ్డాక తర్వాతివాడు బంతికి సిద్ధం కావడానికి క్రికెట్ చట్టమిచ్చేది 3 నిమిషాలే, 2023 ప్రపంచకప్‌లో 2 నిమిషాలే. ఢిల్లీలో హెల్మెట్ పట్టీ తెగిన శ్రీలంక బ్యాట్స్‌మన్ ఏంజెలో మాథ్యూస్ ఏ పాటా లేకుండానే ఆ లెక్కన అవుటయ్యాడు.

ఇక చప్పుడు సంగతి. ఈ ఆక్షేపణ గట్టిది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడికీ ఆసుపత్రికీ చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ బాక్సులే కాదు, డప్పూ కూడదు. మన గ్రౌండంటే చాలాచోట్ల హైస్కూలు గ్రౌండే. పండగ సెలవులు కదా అని టీకాకారుడు వాదించబోయాడు గానీ పక్కన ఆసుపత్రి ఉంటే దానికి సెలవుల్లేవు. అటువంటి ఊళ్లో కమిటీవారు వరి కోసిన చేను ఏదైనా అడిగి, పిచ్ అక్కడే చదును చేసుకోవడం మేలు.