మోదుగకు ఫ్రేము

సామర్లకోట అనగానే మా వైపు వాళ్ళకి గుర్తొచ్చేది కాకినాడ బండి మారడం. భక్తులకైతే భీమేశ్వరస్వామి. ఆ ఊళ్ళో ఒక స్కాట్లండు డాక్టరు నాడి కన్నా ఆకులే ఎక్కువ పట్టుకు చూశాడని ప్లాట్‌ఫాం మీద ఎవరూ చెప్పరు. విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి చేరాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క కాస్తాయేమోనని తోట వేశాడు. కంపెనీకి చెట్టు మీద కాదు, కాపు మీద ప్రేమ. ఈయనకి రెండూ ఉన్నట్టున్నాయి. చుట్టుపక్కల మొక్కల్ని మనవాళ్ళచేతే బొమ్మలు వేయించి, 500 బొమ్మలు లండన్ పంపాడు. అక్కడ వృక్షశాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్ 300 ఏరి, 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చువేయించాడు. పేరు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్'. పని ఎంత నింపాదిగా సాగిందంటే, ఆఖరి సంపుటం పూర్తయ్యేసరికి రాక్స్‌బర్గ్ పోయి ఐదేళ్ళయింది.

అంత ఘనమైన పుస్తకంలో ఉన్నదెవరు? తాడి, ఇప్ప, ముష్టి, మోదుగ. చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి. కలంకారీ ఎరుపుకి వేరునిచ్చే చిరివేరు. అంటే మన పొలంగట్ల జనాభా అంతా దాదాపు రెండడుగుల కాగితం మీద, దొరల గ్రంథాలయాల్లో దర్జాగా కూర్చున్నారు. మోదుగకైతే ఏకంగా ఒక మాజీ ప్రధానమంత్రి పేరు తగిలించారు. బ్యూట్ ప్రభువు పేరిట అది బ్యూటియా. మా తాతగారు జన్మంతా ఒక ప్రధానమంత్రిని విస్తరి కుట్టి, అందులో పప్పన్నం తిన్నారన్నమాట.

ఆ మోదుగ బొమ్మ ఒకటి అమ్మకానికి కనిపించింది. కొన్నాను. ధర గురించి ఇంట్లో ఒక అంకె చెప్పాను, ఇక్కడ అదీ చెప్పను.

ఇలాంటివి కొనేవాళ్ళకి భూతద్దం ఉండాలి. రాగిరేకు మీద గీత చెక్కి, సిరా పూసి, తడి కాగితం మీద గట్టిగా నొక్కుతారు. అందుకని చుట్టూ రేకు అంచు నొక్కుకుపోయిన గాడి ఉండాలి. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది నిన్న మొన్నటి ప్రెస్సు సరుకు. అసలు దాంట్లో రంగు కుంచెతో వేసింది. ఆ రోజుల్లో లండన్‌లో నమూనా ఒకటి ఎదురుగా పెట్టుకుని, కూలికి కూర్చుని వేసేవారు. మోదుగ పూస్తే ఎలా ఉంటుందో వాళ్ళు కలలో కూడా చూసి ఉండరు. కాబట్టి ప్రతికీ ప్రతికీ రంగు తేడా రావడం, అక్కడక్కడ గీత దాటడం మామూలే. గీత దాటిందని మా అబ్బాయి డ్రాయింగు పుస్తకంలో టీచరు ఎర్రసిరాతో చీవాట్లు పెట్టింది. అదే గీత దాటిందని నేను ఎదురు డబ్బిచ్చి మురిసిపోయాను.

ఇలా విడి బొమ్మలు దొరకడానికి కారణం, వ్యాపారులు పుస్తకం కుట్టు విప్పి ఆకూ ఆకూ అమ్మడమే. ఘోరం. నాలాంటి వాళ్ళు కొనబట్టే కదా అంటారు మా ఆవిడ. ఆవిడకి ఇలాంటివి చప్పున తోస్తాయి.

ఫ్రేములు కట్టే ఆయన బొమ్మ అటూ ఇటూ తిప్పి చూశాడు. "దండ వెయ్యడానికి పైన మేకు కూడా పెట్టమంటారాండి?"

"అది చెట్టండీ."

"చెట్టైతే మాత్రం? జననం, మరణం రాయించుకుంటారేమోనని." మళ్ళీ వంగి చూశాడు. "ఇంతకీ ఇది వేసినాయన పేరేదండి? ఇంత పని చేసి సంతకం పెట్టుకోలేదేటండి? మా కుర్రాడు బండికి నంబరు రాసినా మూలన తన పేరు పెట్టుకుంటాడండి."

లాటిన్ పేరు తప్ప నాకేం కనబడలేదు. పుస్తకం ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ ఉన్నాడు, బ్యాంక్స్ ఉన్నాడు, ముద్రించిన బుల్మర్ ఉన్నాడు, రాజుగారికి పుస్తకాలమ్మే జార్జి నికల్ కూడా ఉన్నాడు. ఎండలో కొమ్మ ఎదుట చతికిలబడి, మూడేసి ఆకుల్ని ఈనెలతో సహా దింపినవాడు మాత్రం లేడు. ఫ్రేములాయన అడిగినదానికి నా దగ్గర జవాబు లేక, ఫ్రేము రంగు గురించి మాట్లాడాను. టేకులా కనపడేది ఒకటి చూపించాడు, ఖాయం చేశాను.

గోడకి కొట్టించాక అమ్మ వచ్చి నిలబడింది. "ఒరేయ్, ఇది విస్తరాకు కాదూ?"

"1795 నాటిదమ్మా."

"అయితే ఎండిపోయుంటుంది, నానబెట్టాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

మొన్న నవగ్రహ హోమానికి పురోహితుడుగారు వచ్చారు. చంద్రుడికి మోదుగ సమిధ. దుకాణంలో కొన్న పొట్లం విప్పితే అన్నీ ఒకేలాంటి ఎండుపుల్లలు. ఆయన ఒక పుల్ల తీసి చూశారు, గోడమీది బొమ్మ చూశారు. "ఆకు చక్కగా తెలుస్తోంది నాయనా, పుల్ల సంగతే తేలడం లేదు."

అమ్మ బొమ్మ కేసి చెయ్యి చూపించింది. "పోనీ, ఆ చట్రం కర్ర దేనిదిరా?"

"ఫైబరమ్మా."

పురోహితుడుగారు చేతిలో ఉన్న పుల్లనే నేతిలో ముంచారు.