ఎలివేషన్ అదిరింది, మెట్లెక్కడ?

మా కమలాపురంలో పదిహేనంతస్తుల టవర్లు లేవు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, మా పిల్లలు ఇక్కడ చేనమ్మి హైదరాబాదులో ఫ్లాట్లు కొంటున్నారు. కాబట్టి ఆ టవర్ల మరమ్మతుల గురించి నాలుగు మాటలు అనే హక్కు మాకూ ఉంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో మొదటి అంశం లాబీకి గ్రానైట్. (కడప నాపరాయి మొరటట.) రెండోది ఎలివేషన్‌కు మెరిసే రేకులు. మూడోది వినాయకుడి పందిరి. మంటలార్పే ఎర్ర గొట్టంలో నీళ్లొస్తాయా అన్నది 'ఇతర అంశాలు' కిందికి వస్తుంది. అప్పటికి సమోసాలూ అయిపోతాయి, జనమూ లేచిపోతారు.

ఆ గొట్టానికి ఏటా రంగు మాత్రం వేయిస్తారు. మంటల కోసం సంపులో దాచిన నీళ్లతో ఎండాకాలం కార్లు కడుగుతారు. మనవాళ్లే పాపం, సీమ బిడ్డలు. నీళ్లు ఊరికే నిలవుంటే చూడలేరు.

కొడుకు ఫ్లాటు చూడబోయిన మా ఊరి పెద్దాయన అడిగినాడు: "అగ్గి పుడితే యాడ్నుంచి దిగల్లబ్బా?"

"లిఫ్టుంది కద నాయనా!"

మంటలప్పుడు లిఫ్టు ఎక్కరాదనే బోర్డు ఆ పక్కనే ఉంది. దానిమీద 'పనిమనిషి కావలెను' కాగితం అతికించారు. మెట్లమీద చెప్పుల స్టాండు, పాత పరుపు, మూడు చక్రాల సైకిలు. పొగను ఆపాల్సిన తలుపును గాలాడదని ఇటుక పెట్టి తెరిచి ఉంచారు. బాల్కనీకి దొంగల భయంతో నిలువెత్తు గ్రిల్లు. దొంగ లోపలికి రాలేడు, మనం బయటికి పోలేము.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు రేగి ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక పోయారు. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కనీసం తొమ్మిదిమంది. కింద రసాయనాల డ్రమ్ములు, పైన సంసారాలు! 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో పదిహేడుమంది. ప్రతిసారీ మర్నాడే తనిఖీలు మొదలవుతాయి. తనిఖీలకు మన దగ్గర లోటేమీ లేదు, ముహూర్తమే కాస్త ఆలస్యం.

మరమ్మతు చేయిస్తే గండం గడిచినట్టేనా? లండన్‌లో 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవర్‌కు 2016లో మరమ్మతు ముగించి కొత్త తొడుగు వేశారు. అల్యూమినియం రేకులు, వాటి మధ్య ప్లాస్టిక్. 2017 జూన్ 14న నాలుగో అంతస్తులో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట ఆ తొడుగు పట్టుకొని పైదాకా పాకింది. దిగడానికి ఒక్కటే మెట్లదారి. 72 మంది చనిపోయారు. మన మీటింగులో రెండో అంశం మెరిసే రేకులే కదా. వాటి మధ్య ఏముందని అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

గ్రానైట్ వచ్చే ఏడాది వేసుకోవచ్చు. ఈ ఆదివారం మెట్లు ఖాళీ చేయించండి, పంపు ఆడించి పై అంతస్తులో ఎర్ర గొట్టానికి నీళ్లొస్తున్నాయో లేదో చూడండి. గ్రిల్లుకు ఒక తలుపు పెట్టించండి. దాని తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పిల్లలకూ చూపించండి.