గ్యాసు బాబాయిగారు

ప్రతి అపార్ట్‌మెంటు సెల్లారుకీ ఒకాయన రాసిపెట్టి ఉంటారు. వాచ్‌మన్ కాదు, అసోసియేషన్ ప్రెసిడెంటు అంతకన్నా కాదు. ప్రెసిడెంటు పదిసార్లు పిలిస్తే గానీ రాడు, ఈయన్ని పిలవనే అక్కర్లేదు. ఎవరి కారు బానెట్టయినా లేచిన చప్పుడైతే చాలు, లుంగీ ఎగ్గట్టుకుని మూడో అంతస్తు నించి దిగిపోతారు. అరవై దాటి ఉంటాయి, రిటైరై ఉంటారు, చేసిన ఉద్యోగానికీ కార్లకీ ఏ చుట్టరికమూ ఉండదు. మా బెజవాడలో చలి శివశివా అంటూ వెళ్ళిపోగానే ఈయన సీజను మొదలవుతుంది. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెకి ఇంక చేతికి దొరకరు.

పదిహేనేళ్ళు దాటిన కారంటే ఆయనకి ప్రాణం. కొత్త కారుకి వారంటీ ఉంటుంది కనక అందులో వేలు పెట్టనివ్వరు. పాతదానికైతే ఏ వేలైనా పెట్టొచ్చు. డ్రైవరు సీట్లో కూచుని, నాడి చూసినట్టు ఏసీ గాలికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్క మాటే అంటారు:

"గ్యాసేనోయ్!"

బ్లోయరు నాలుగో నంబరులో తప్ప తిరగడం లేదన్నా గ్యాసే. చల్లదనం లేకపోగా చెమ్మ వాసన వస్తోందన్నా గ్యాసే. కారు కింద నీళ్ళు కారుతున్నాయి బాబాయిగారూ అంటే, "కరిగిపోతోందన్న మాట" అని నిట్టూరుస్తారు. అవి కూలింగ్ కాయిల్ మీద గాల్లోని తేమ చేరి కారే నీళ్ళనీ, ఏసీ పనిచేస్తోందనడానికి అదే గుర్తనీ చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఏసీలో గ్యాసు పెట్రోలు కాదు కదా, నడిపిన కొద్దీ ఖర్చయిపోవడానికి! కంప్రెసరు దాన్ని అదిమి పంపుతుంది, ముందున్న కండెన్సరు చల్లార్చి ద్రవం చేస్తుంది, డాష్‌బోర్డు వెనకాల కూలింగ్ కాయిల్లో ఆవిరై కారులో వేడిని లాక్కుని మళ్ళీ కంప్రెసరు దగ్గరికే వస్తుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని లెక్క. ఓ-రింగు ఎండిపోయి ఉండొచ్చు, కండెన్సరుకి రాయి తగిలి ఉండొచ్చు. గ్యాసుతో పాటు నూనె కూడా తిరుగుతుంది కనక కారిన చోట జిడ్డు మరక పడి దుమ్ము పట్టి ఉంటుంది. ఆ మరక వెతకడం మెడ నొప్పి వ్యవహారం. బాబాయిగారికి స్పాండిలైటిస్.

అందుకని ఆయనకో సొంత పరీక్ష ఉంది. పైపు మీద 'ఎల్' అక్షరం ఉన్న నల్ల మూత తిప్పి తీస్తారు. స్కూటరు తాళంచెవి మొనతో లోపలి పిన్నుని ఒక్కసారి నొక్కుతారు. తుస్సుమంటుంది. చెవి ఒగ్గి విని, "తక్కువుంది" అంటారు. నలుగురూ రాగానే వాళ్ళ కోసం మరోసారి తుస్సు. కారు ఓనరు భార్య దిగొస్తే ఆవిడ గౌరవార్థం ఇంకోటి. వేళ్ళకి తగిలితే చర్మం కొరికేంత చల్లన, మామూలు గాలి ఒత్తిడిలో ఆ 134ఏ గ్యాసు మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. ఆ మచ్చ ఆయన చూపుడు వేలి మీద ఉంది. అడిగితే చూపిస్తారు, అడక్కపోయినా చూపిస్తారు.

తుస్సుని బట్టి తెలిసేదేమీ లేదు. నలభై డిగ్రీల ఎండలో, ఇంజను ఆపి ఉన్నా, ఆ పైపులో 130 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, టైరులో గాలికి నాలుగు రెట్లు. లోపల చారెడు ద్రవం మిగిలినా అంతే, నిండుగా ఉన్నా అంతే. గేజి పెట్టిన మెకానిక్కే ఇంజను నడిపి, రెండు ముళ్ళూ చూసి గానీ నోరు విప్పడు. బాబాయిగారి చెవికి ఆ ఇబ్బంది లేదు.

ఆయనకి చరిత్ర కూడా తెలుసు. "పన్నెండో నంబరు గ్యాసుండేది, అదీ గ్యాసంటే! ఓజోనని చెప్పి ఎత్తేశారు. అంటార్కిటికా మీద చిల్లు పడితే బెజవాడవాడు ఉక్కపోతతో చావాలిటోయ్?" అంటారు. 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందం మీద ఇంత సొంత కక్ష ఉన్న మనిషిని నేనింకొకర్ని చూళ్ళేదు. ఆయన కారులో మాత్రం అద్దాలు దించుకునే వెళ్తారు. మారుతి 800 రోజుల్లో, ఆ 796 సీసీ ఇంజను మీద జాలితో, ఎత్తు వచ్చినప్పుడల్లా ఏసీ ఆపేవారట. తరవాత కారు మారింది గానీ జాలి మారలేదు. ఇప్పుడు ఊళ్ళో ఎటు వెళ్ళినా ఫ్లైఓవర్లే.

మొన్న వేసవిలో రెండో అంతస్తు కుర్రాడి కారు వంతొచ్చింది. హైవే మీద చల్లగా ఉంటుంది, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి. "గ్యాసే" అన్నారు. కుర్రాడు మర్యాదస్తుడు. వారం పాటు రోజూ పొద్దున్నే తుస్సు కొట్టించుకున్నాడు. చివరికి ఆటోనగర్ తీసుకెళ్తుంటే బాబాయిగారు ముందు సీట్లో కూచున్నారు.

అక్కడి మెకానిక్ ఇరవయ్యేళ్ళవాడు, మాట పొదుపు. ఇంజను ఆన్ చేసి, మగ్గుతో నీళ్ళు తెచ్చి కండెన్సరు మీద పోశాడు. లోపల ఒక్కసారిగా చల్లగాలి కొట్టింది.

"ఫ్యాన్ తిరగట్లేదు సార్. బండి పరిగెడితే ఎదురుగాలికి కండెన్సరు చల్లారుతోంది. ఆగితే లేదు."

"చల్లారనిది ఏమిటి?" అన్నారు బాబాయిగారు.

"గ్యాసు సార్."

బాబాయిగారు కుర్రాడి వంక చూశారు.

ఫ్యాను మోటారు మార్చాక, పనిలో పనిగా గ్యాసంతా మెషీన్లోకి లాగి తూకం చూశాడు మెకానిక్. బానెట్టు కింద స్టిక్కరు మీదున్న లెక్కకి వంద గ్రాములు తక్కువొచ్చింది. లైటు వేసి పైపులన్నీ చూశాడు, ఎక్కడా మరక లేదు. నల్ల మూత తీసి నురగ రాశాడు, బుడగలొచ్చాయి.

"పిన్ను పోయింది సార్. ఎవరో దేంతోనో పొడిచారు. ఇది మార్చి గ్యాసు ఎక్కించాలి."

కుర్రాడు నోరు తెరిచేలోపు బాబాయిగారి చెయ్యి అతని భుజం మీద పడింది.

"చెప్పానా?"