పీరియడ్ అయ్యాకే దాహం

తరగతి గదిలో నీళ్లు తాగే పిల్లవాణ్ణి చూస్తే నాకు కంగారు పుడుతుంది. ఇవాళ అడక్కుండా నీళ్లు తాగినవాడు రేపు నిలబడి ప్రశ్న వేస్తాడు. ఎల్లుండి మీరు చెప్పిన జవాబు సరిగ్గా లేదంటాడు. ఇలా వదిలేస్తే పదో తరగతికల్లా సొంత అభిప్రాయాలు కూడా వచ్చేస్తాయి. అందుకే పాఠం నడుస్తుండగా బాటిల్ మూత తీయరాదని నియమం పెట్టిన బడులంటే నాకు ఎనలేని గౌరవం.

ఆ నియమం ఎక్కడా రాసి ఉండదు. అదే దాని గొప్పతనం. 2009 నాటి విద్యాహక్కు చట్టం తిరగేస్తే, పిల్లలందరికీ సురక్షితమైన మంచినీటి సదుపాయం సరిపడా ఉండాలని షెడ్యూలులో కనిపిస్తుంది. సదుపాయం ఉండాలన్నారు సరే, పిల్లలు తాగాలని ఎక్కడన్నారు? మనవాళ్లు ఆ సందు పట్టేశారు. చట్టాన్ని ఇంత నిశితంగా చదివేవాళ్లు పెద్ద కోర్టుల్లో కూడా దొరకరు. కనక బాటిల్ బ్యాగులో ఉంటుంది, బ్యాగు బెంచీ కింద ఉంటుంది, దాహం బెల్లు కొట్టాక వేస్తుంది.

వేయకపోతే అది శరీరం తప్పు. మెదడు అడుగున హైపోథాలమస్ అని బాదంగింజంత భాగం ఒకటుంది. రక్తంలో నీరు కాస్త తగ్గి లవణాల పాలు పెరగ్గానే అది మేలుకుంటుంది. ఒకపక్క దాహం పుట్టిస్తుంది, మరోపక్క ఉన్న నీళ్లు పారబోయకుండా దాచిపెట్టమని మూత్రపిండాలకు హార్మోను చేత కబురంపుతుంది. దానికి టైంటేబుల్ ఇవ్వడం సృష్టికర్త మర్చిపోయాడు. మూడో పీరియడ్ లెక్కలని దానికి తెలీదు, వచ్చే సోమవారం నుంచి ఎఫ్ఏ పరీక్షలని తెలీదు. ఈ సంగతులన్నీ జీవశాస్త్రం పాఠంలో ఉంటాయి. టీచరు బోర్డు మీద మూత్రపిండం బొమ్మ వేసి చెబుతుంటే పిల్లలు నోరెండిపోయి వింటారు. పాఠమూ ప్రాక్టికలూ ఒకేసారి అయిపోతాయి.

ఇంగ్లీషు మీడియం బడుల్లో ఇంకో మెట్టు ఎక్కువ. అక్కడ తెలుగులో దాహం వేయకూడదు.

“మేడమ్, మంచినీళ్లు...”

“ఇన్ ఇంగ్లీష్!”

“కెన్ ఐ డ్రింక్ వాటర్ మేడమ్?”

“కెన్ ఐ కాదు, మే ఐ.”

“మే ఐ డ్రింక్ వాటర్ మేడమ్?”

“వెరీ గుడ్. సిట్ డౌన్.”

నీళ్లు తాగడానికే ఈ తంటా అంతా. నమలడానికైతే ఏ మీడియంలోనూ అడ్డు లేదు. పదిహేడో ఎక్కం అడగండి, పిల్లవాడు పీరియడ్ అయ్యేదాకా నీళ్లు నమలొచ్చు. ఒక్క గుక్క మింగాడో, క్రమశిక్షణ దెబ్బతింటుంది.

టీచర్ల పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నాకు స్టాఫ్‌రూమ్‌లో టీ పుట్టదు. నలభై అయిదు నిమిషాల పీరియడ్, అరవై మంది పిల్లలు. ఒకడికి దాహం వేసిందంటే ఆ బెంచీకంతా వేస్తుంది, బెంచీకి వేసిందంటే వరసకంతా వేస్తుంది. స్టీలు బాటిల్ ఒకటి గచ్చు మీద పడి దొర్లుకుంటూ బోర్డు దాకా వచ్చేసరికి సగం పాఠం ఎక్కడ ఆపారో టీచరుకే గుర్తుండదు. ఇక నీళ్లకని బయటికి వెళ్లినవాడు ట్యాంకు దగ్గర బీ సెక్షన్ వాడితో కలిసి, ఆటల పీరియడ్ ఎవరికుందో విచారించి, హెడ్మాస్టారి గది ముందు నుంచి కాకుండా వెనక ప్రహరీ చుట్టూ తిరిగి, తాపీగా వస్తాడు. ఇందులో అతిశయోక్తి లేదు. అలా చేయని పిల్లవాడుంటే ఒకసారి డాక్టరుకు చూపించాలి.

కానీ ఇదంతా బయటికి వెళ్లేవాడి కథ. బాటిల్ పక్కనే పెట్టుకున్నవాడు ఎక్కడికి వెళతాడు? రెండు గుక్కలు తాగి మూత పెడతాడు. సైన్సు ల్యాబులో వద్దంటే అర్థం ఉంది, అక్కడ ఏ సీసాలో ఏముందో ఎవరికీ తెలీదు. కంప్యూటర్ల దగ్గరా వద్దనండి, కరెంటు ఉన్న రోజున అవి పనిచేస్తాయి కదా. తెలుగు వాచకం మీద నాలుగు చుక్కలు పడితే మాత్రం ఏమవుతుంది? వేమన కరిగిపోడు.

ప్రభుత్వాలు ఈ విషయంలో చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2019లో కేరళ బడుల్లో ‘వాటర్ బెల్’ మోగింది. గంట కొడితే పిల్లలందరూ పుస్తకాలు పక్కనపెట్టి నీళ్లు తాగాలి. 2024 ఏప్రిల్‌లో, ఒంటిపూట బడుల వేళ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పద్ధతి పెట్టి ఉదయం 8.45కి ఒకసారి, 10.05కి మరోసారి, 11.50కి ఇంకోసారి గంట కొట్టమన్నారు. రెంటచింతల వైపు ఎండ చూసినవాళ్లెవరూ దీన్ని వెక్కిరించరు. నేనూ వెక్కిరించను. ఆటల్లో పడి గుర్తుచేస్తే తప్ప నీళ్లు తాగని పిల్లలు ఊరినిండా ఉంటారు, వాళ్లకిది మేలు. నా సందేహమల్లా 9.20కి దాహం వేసినవాడి గురించి. ముందు గంట అయిపోయింది, తర్వాతి గంటకి ఇంకా ముప్పావుగంట ఉంది. వాడికి ఇంతవరకూ ఉత్తర్వు రాలేదు. గుర్తుచేయడానికి పెట్టిన గంట అనుమతి గంటగా మారడానికి మన బడుల్లో వారం చాలు. “ఇందాక బెల్లప్పుడు ఏం చేశావ్?” అన్న ప్రశ్నకు వాడి దగ్గర జవాబుండదు. మళ్లీ నీళ్లు నమలాలి.

ఒంటిపూట బడి సంగతి వచ్చింది కనక ఒక మాట. పిల్లల్ని ఎండ నుంచి కాపాడటానికి పెట్టిన ఈ ఏర్పాటులో, వాళ్లను సరిగ్గా పన్నెండున్నరకి, సూర్యుడు నడినెత్తిన ఉండగా, రోడ్డు మీదికి వదులుతారు. దీని వెనకున్న ఆలోచన నాకు ఇప్పటికీ అందలేదు. పెద్దలకు అందే ఉంటుంది.

గంటతో పాటు మరో సమస్య ఫోటో. మన పాలనలో ఫోటో లేని మంచిపని జరగనట్టే లెక్క. బడిలోని మరుగుదొడ్లను రోజూ ఫోటో తీసి యాప్‌లో ఎక్కించే విధిని ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులు నిర్వర్తించినవాళ్లే. షేక్‌స్పియర్ చెప్పడానికి ఎంఏ చేసిన మనిషి పొద్దున్నే కమోడ్ ముందు నిలబడి కోణం చూసుకోవడం విద్యారంగ చరిత్రలో చిన్న ఘట్టమేమీ కాదు. రేపు నీళ్లకూ అదే గతి పడితే దృశ్యం ఎలా ఉంటుందో ఊహించుకోండి. “అందరూ బాటిళ్లు ఎత్తండి. ఇంకొంచెం పైకి. నవ్వండి. ఒరేయ్ వెనక బెంచీ, ఎవర్రా తాగేసింది? సర్వర్ బిజీ అంటోంది, అప్‌లోడ్ అయ్యేదాకా ఎవరూ మింగకండి!”

ఇంత దూరం వచ్చాక ఒక దరఖాస్తు ఫారం కూడా పెట్టేస్తే పద్ధతిగా ఉంటుందని నా సలహా. దాహం ఎన్ని గంటలకు మొదలైంది? ఒంటరిగా వేసిందా, స్నేహితుడితో కలిసి వేసిందా? గతంలో ఎప్పుడైనా వేసిందా, వేస్తే అప్పుడు తీసుకున్న చర్యలేమిటి? తండ్రి సంతకం, ఆధార్ జిరాక్సు. ఒకవేళ ఈలోగా దాహం తీరిపోతే ఫారం వాపసు ఇవ్వబడదు.

తమాషా ఏమిటంటే, దేశంలో పిల్లల్ని అందరికంటే ఎక్కువ అనుమానించే చోట నీళ్లకు అడ్డు లేదు. నీట్ పరీక్ష ఉంది. చెవి పోగులు తీయిస్తారు, బూట్లు విప్పించి చెప్పుల్లో రమ్మంటారు, చొక్కా చేతులు పొడుగైతే ఒప్పుకోరు. అంత తనిఖీలోనూ లోపల ఏముందో కనిపించే నీళ్ల సీసా వెంట తెచ్చుకోనిస్తారు. దాహంతో ఉన్న బుర్ర సరిగ్గా పనిచేయదన్న సంగతి పరీక్ష పెట్టేవాళ్లకు తెలుసు. ఆ మూడు గంటల పరీక్ష కోసం రెండేళ్లపాటు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే కార్పొరేట్ కాలేజీలు కొన్నిటికే ఇంకా తెలీదు. అక్కడ సీసా కనిపిస్తే ఏకాగ్రత లేదంటారు.

పెద్దవాళ్ల ఏకాగ్రతకు ఈ బాధ లేదు. వేసవి తాగునీటి ఎద్దడి మీద ఏ జిల్లాలోనైనా సమీక్ష పెట్టండి, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో సీసా, సీల్ తీయకుండా. శాసనసభలో మాట మధ్యలో గ్లాసెత్తి రెండు గుక్కలు తాగినందుకు సభ్యుణ్ణి బెంచీ ఎక్కించిన స్పీకర్ నాకు తెలిసి లేడు. క్లాసులోనూ టీచరు బల్ల మీద బాటిల్ ఉంటుంది. అది గొంతుకోసం. పిల్లలకూ గొంతులున్నాయి కానీ వాటితో మాట్లాడే అవసరం రాదు గనక తడి అక్కర్లేదు.

నీళ్లు ఎవరు, ఎప్పుడు, ఎవరి దయ మీద తాగాలన్నది మన బడుల్లో కొత్త లెక్కేం కాదు. చిన్నప్పుడు బడిలో అంబేద్కర్ కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు, ప్యూను రాని రోజున దాహమే. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగిన పెద్దమనిషి ఆ పిల్లవాడే. ఆ కుళాయీ ఈ బాటిలూ ఒకటేనని నేననను. అక్కడ అడ్డుపడింది కులం, అవమానం, ఇక్కడున్నది మహా అయితే మొండితనం. కానీ ఒక పిల్లవాడి గొంతుకీ నీళ్లకీ మధ్య పెద్దమనిషి ఒకడు నిలబడితే తప్ప బడి బడిలా ఉండదని మనకెందుకో గట్టి నమ్మకం. ఆ నమ్మకం వయసు చాలా ఎక్కువ.

ఇప్పుడు ఎవరూ పైకి అనని సంగతికి వద్దాం. లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి రావాలి. తాగనిస్తే పావుగంటకో అరగంటకో చిటికెన వేలు లేస్తుంది. లేచిన వేలుని ఎక్కడికి పంపాలి? గొళ్లెం ఊడిన తలుపు దగ్గరికా, నీళ్లు రాని కుళాయి దగ్గరికా? పిల్లలందరికీ మంచినీళ్లూ, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లూ ఆరు నెలల్లో ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది 2012 అక్టోబరులో. అప్పుడు ఒకటో తరగతిలో చేరిన అమ్మాయి పదీ దాటింది, ఇంటరూ దాటింది. నాడు-నేడు, మన ఊరు-మన బడి అంటూ పథకాలు వచ్చాయి. కొన్నిచోట్ల నిజంగానే టైల్స్ మెరిసాయి. మెరిసినచోట తాళం వేసి తాళంచెవి స్టాఫ్‌రూమ్‌లో పెట్టారు, పిల్లలు పాడుచేస్తారని. అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే ప్రైవేటు బడుల్లో అయితే అంతస్తుకో రెండు గదులు, విరామంలో వాటి ముందు సినిమా టికెట్ల నాటి వరస.

ఆడపిల్లలు ఈ లెక్క ఎప్పుడో తేల్చేసుకున్నారు. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు, మళ్లీ సాయంత్రం ఇంటికొచ్చాక చెంబెడు. మధ్యలో ఏమీ లేదు. మూత్రంలో మంటని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళితే ఆమె అడిగే మొదటి ప్రశ్న, “నీళ్లు తాగవా తల్లీ?” తల్లి తలదించుకుంటుంది. తాగకపోవడం తన తెలివితక్కువని ఆ పిల్ల అనుకుంటుంది గానీ, అంత తెలివైన ఏర్పాటు బడి మొత్తంలో ఇంకోటి లేదు.

వాళ్లకు పాఠం చెప్పే టీచరమ్మా అంతే. పొద్దున ఏడున్నర బస్సు, సాయంత్రం అయిదున్నర బస్సు, నడుమ గొంతు తడవదు. ఆమె హ్యాండ్‌బ్యాగులోనూ బాటిల్ ఉంటుంది, ప్రార్థనలో ఎవరైనా కళ్లు తిరిగి పడితే మొహాన చల్లడానికి. పిల్లలను తాగనివ్వడం లేదని ఆమెను రాక్షసి అనకండి. తాను పాటిస్తున్న నియమాన్నే వాళ్లకూ పెట్టింది. ఇంత నిజాయితీగా స్వయంగా ఆచరించి చెప్పే నియమం మన విద్యావిధానంలో మరొకటి చూపించండి.

కనక నిషేధం కొనసాగడమే చవక. ఒక మరుగుదొడ్డి కట్టాలంటే అంచనాలు, టెండర్లు, కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరుకు బిల్లు రాకపోవడం, అతను తలుపులు పట్టుకుపోవడం. కట్టాక నీళ్లు, మోటారు, మోటారుకు కరెంటు, కడిగే ఆయమ్మకు జీతం, ఆ జీతం నెలనెలా రావడం. “నోరు మూసుకుని కూర్చో” అనడానికి ఇవేవీ అక్కర్లేదు. ఒక్క టెండరు కూడా పిలవకుండా రాష్ట్రవ్యాప్తంగా అమలు చేయొచ్చు, చేస్తున్నారు కూడా.

పిల్లలు మాత్రం మనమనుకున్నంత అమాయకులు కారు. వాళ్లకు ఇద్దరు యజమానులు. బడిలో టీచరు, “క్లాసులో తాగావంటే చూడు” అంటుంది. ఇంట్లో అమ్మ బ్యాగులోంచి బాటిల్ తీసి ఊపి చూసి, “పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే తెచ్చావ్, రేపట్నుంచి టిఫినూ పెట్టను” అంటుంది. తాగితే అక్కడ దెబ్బ, తాగకపోతే ఇక్కడ తిట్టు. దీనికి పరిష్కారం కమిటీల వల్ల కాలేదు, మూడో తరగతి వాళ్ల వల్ల అయింది. ఆఖరి బెల్లు కొట్టగానే ఆటో ఎక్కేముందు గేటు పక్కనున్న కానుగ చెట్టు మొదట్లో వరసగా నిలబడి బాటిళ్లు వంపేస్తున్నారు. టీచరుకు సంతోషం, అమ్మకు సంతోషం. ఆ చెట్టయితే నడివేసవిలో కూడా పచ్చగా, గొడుగు విప్పినట్టు పెరిగింది. వచ్చే ఏడాది అడ్మిషన్ల కరపత్రం మీద ‘ఆహ్లాదకరమైన వాతావరణం’ అని రాసి, దాని ఫోటోనే వేయించారు.