చిన్న స్కోరుబోర్డు

టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు కాలేజీ కోసం రైలాగిన చోటు, దాని చుట్టూ ఊరు పెరిగింది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ అక్కడే. మావాడు ఎమ్మెస్ చేస్తుంటే 2024లో దసరా వెళ్లాక నేనూ మా ఆవిడా బయల్దేరి వెళ్లి, సంక్రాంతి ముందు దాకా వాడి దగ్గరే ఉన్నాం. తెనాలి చుట్టుపక్కల బళ్లలో ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పినవాణ్ని. ఇంగ్లిషు కాగితం మీదుంటే కూడబలుక్కుంటాను. టెక్సస్ వాళ్ల నోట్లోంచి వస్తే మాత్రం నాలుగు మాటలకు ఒకటి అందేది. మిగతా మూడూ మావాడు అందించేవాడు.

వాడుండే ఇంటి ఓనరు పక్కింట్లోనే ఉంటాడు. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన, అదే కాలేజీలో చదివాడు. వేలికి ఆ కాలేజీ ఉంగరం. యాభై ఏళ్లకు పైగా తియ్యలేదట, మీద చెక్కిన గుర్తులన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. మా ఆవిడ సున్నుండలు చేసి పంపితే, మర్నాడు ఆ డబ్బా నిండా వాళ్ల పెరట్లో కాసిన పీకన్ గింజలు పోసి తెచ్చిచ్చాడు. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్న మర్యాద వీళ్లకూ ఉందే అని మా ఆవిడ మురిసిపోయింది.

ఆయనకు కాలేజీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. నాకు అర్థమైంది ఇంతే. ఆటగాళ్లంతా ఆ కాలేజీలో చదివే కుర్రాళ్లే. వాళ్లు ఆడే స్టేడియం పేరు కైల్ ఫీల్డ్. 1,02,733 మంది పడతారు. శనివారం మ్యాచ్ ఉందంటే శుక్రవారం అర్ధరాత్రి వేలమంది పిల్లలు ఆ స్టేడియంలోకి వచ్చి, మర్నాడు వెయ్యాల్సిన కేకల్ని కలిసి సాధన చేస్తారు. ఒకసారి నేనూ వెళ్లి చూశాను. మా ఊళ్లో వైకుంఠ ఏకాదశికి తెల్లవారుజామున గుడి ముందు ఉండే సందడి గుర్తొచ్చింది నాకు.

మ్యాచ్ జరుగుతున్నంతసేపూ అక్కడి విద్యార్థులు కూర్చోరు. మూడున్నర గంటలైనా నిలబడే ఉంటారు. దాని వెనక కథ ఆయనే చెప్పాడు. 1922 జనవరి 2న డల్లాస్‌లో సెంటర్ కాలేజీ మీద మ్యాచ్. ఆ రోజుల్లో సెంటర్ అంటే హడల్. ఏ అండ్ ఎం పిల్లలు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి పడిపోతున్నారు, బెంచీ ఖాళీ అవుతోంది. అంతకుముందు జట్టులో ఉండి బాస్కెట్‌బాల్‌కి మారిపోయిన కింగ్ గిల్ అనే కుర్రాడు పైన విలేకరుల గదిలో ఉన్నాడు. కోచ్ పిలిపించాడు. దెబ్బ తగిలినవాడి బట్టలు తొడుక్కుని వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. చివరికి వాడి అవసరం పడనేలేదు, 22-14తో గెలిచారు. అయినా నూరేళ్లుగా ఆ కాలేజీ తలుచుకునేది అక్కరకు రాని ఆ కుర్రాణ్నే. పిలిస్తే దిగడానికి మేమూ సిద్ధం అని చెప్పడానికే పిల్లలు నిలబడతారట. పాఠం చెప్పే రోజుల్లో ఈ కథ తెలిసుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఇంత భక్తి ఉన్న జట్టు దేశంలో మేటిగా నిలిచి ఎన్నాళ్లయిందని అడిగాను. 1939 అన్నాడు ఆయన, మొహంలో ఏ తేడా లేకుండా. అప్పటికి ఆయన పుట్టనే లేదు. తమ లీగులో గెలిచింది కూడా ఎప్పుడో 1998లో. అయినా ఏటా సీజన్ టికెట్ కొంటాడు. అదే వరస, అదే కుర్చీ.

మేం వెళ్లిన ఏడాది మాత్రం అదృష్టం తిరిగిందనే అనుకున్నారంతా. కోచ్ మైక్ ఎల్కోకి అది మొదటి ఏడు. తొలి మ్యాచ్ నోటర్ డేమ్ మీద పోయినా, తర్వాత వరసగా ఏడు గెలిచారు. అక్టోబరు ఆఖర్లో ఎల్ఎస్‌యూ మీద 38-23తో గెలిచిన రాత్రి మా వీధంతా కారు హారన్లే. నవంబరు వచ్చింది, తిరగబడింది. సౌత్ కరోలినా మీద 44-20తో పోయింది. ఆబర్న్ మీద నాలుగు ఓవర్‌టైములు ఆడి 43-41తో ఓడారు. ఇక మిగిలింది టెక్సస్ యూనివర్సిటీ. 1894 నుంచీ పోటీపడుతున్న దాయాదులు. ఏ అండ్ ఎం లీగు మారడంతో 2011 తర్వాత పదమూడేళ్లు ఆ రెండు జట్లూ ఎదురుపడలేదు. ఆ చివరి మ్యాచ్‌లో ఆఖరి క్షణాన ఒక్క తన్నుతో 27-25గా ఓడిపోయిన సంగతి పెద్దాయన నిన్ననో మొన్ననో జరిగినట్టు చెప్పేవాడు. ఇప్పుడు గెలిస్తే ఆ పగా తీరుతుంది, లీగు ఫైనల్‌కి అట్లాంటా ప్రయాణమూ ఖాయమవుతుంది.

దానికి రెండు రోజుల ముందు థాంక్స్‌గివింగ్ భోజనానికి మమ్మల్ని పిలిచారు. భోజనాలయ్యాక మా ఆవిడ ఫోన్లో మా ఇంటి ఫొటోలు చూపిస్తూ కూర్చుంది. మా చెల్లెలి కూతురి పెళ్లి ఫొటోలొచ్చాయి. పందిట్లో ఇంటిల్లిపాదీ నిలబడ్డ ఫొటో దగ్గర పెద్దావిడ ఆగి, "ఇందులో మీ అబ్బాయేడీ?" అంది. ఆ మాట నాకూ అర్థమైంది. "అప్పుడు వాడు హాస్టల్లో ఉన్నాడండీ, ఐఐటీ లాంగ్ టర్మ్" అంది మా ఆవిడ. మావాడు దాన్ని ఇంగ్లిషులో చెప్పి, ప్లేట్లో మిగిలిన గుమ్మడికాయ పై తినడంలో పడ్డాడు.

నవంబరు 30 శనివారం. టికెట్ ధర మాబోటివాళ్లం అడిగే ధర కాదు. పెద్దాయన లోపలికి వెళ్లాడు. నేనూ మావాడూ స్టేడియం బయట, ఉత్తరం వైపు నిలబడ్డాం. అక్కడ ఒక చిత్రం చూశాను. ఆ కాలేజీకి రెవెలీ అనే కుక్క ఆనవాలు. ఒకదాని తర్వాత ఇంకోదాన్ని తెస్తారు, పేరు మాత్రం అదే. పోయినవాటిని ఆ స్టేడియం బయటే సమాధి చేస్తారు, లోపలి స్కోరుబోర్డు కనిపించేలా, మొహం అటుపెట్టి. తర్వాత స్టేడియం పెంచేసరికి గోడ అడ్డమొచ్చింది. అప్పుడేం చేశారంటే, వాటికోసం బయట ఒక చిన్న స్కోరుబోర్డు పెట్టారు. లోపల ఎంత స్కోరుందో అక్కడా అంతే కనిపిస్తుంది. పచ్చగడ్డి, వరసగా రాళ్లు, ఎదురుగా ఆ బోర్డు. ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన ప్రాణులకు కూడా ఈసారి గెలుస్తామేమో చూసుకోండి అని చోటు చూపించిన మనుషులు వీళ్లు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ రాత్రి మేం మ్యాచ్ చూసింది ఆ బోర్డు మీదే. లోపల్నుంచి హోరు వస్తే తలెత్తేవాళ్లం. సగం ఆటకి 17-0. మూడో భాగంలో భూమి అదిరినట్టయింది, బోర్డు మీద ఏడు పడింది. అవతలివాళ్ల బంతిని లాక్కుని తొంభై గజాల పైన పరిగెత్తాడట ఒక కుర్రాడు. నాలుగో భాగంలో మళ్లీ హోరు, ఉన్నట్టుండి గప్‌చుప్. గోల్ గీతకు ఒక్క గజం దూరంలో, నాలుగో ప్రయత్నంలో, ఆగిపోయారు. ఒక్క గజం. చలిలో చేతులు కట్టుకుని ఆ బోర్డు వైపే చూస్తున్నాడు మావాడు. 17-7 అలాగే ఉండిపోయింది.

జనం బయటికొచ్చారు. లక్ష మంది. ఒక్కరూ తిట్టుకోవడం వినలేదు నేను. పెద్దాయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి అక్కడి గట్టు మీద చతికిలబడ్డాడు. గొంతు పోయింది. నేనుండబట్టలేక, "ఇంత ప్రాణం పెట్టుకున్నారు కదా, ఓడిపోయొచ్చిన పిల్లల మీద కోపం రాదా అని అడగరా" అన్నాను. మావాడు అడిగాడు. పెద్దాయన చేతులు తిప్పుతూ, మైదానం వైపు చూపిస్తూ చాలాసేపు మాట్లాడాడు. మావాడు కాస్త ఆగి, నా వైపు చూడకుండా చెప్పాడు.

"పదిహేడేళ్ల పిల్లలు. ఒక్కరోజు ఓడిపోయారని ఇంటికి రావద్దంటామా అంటున్నారు నాన్నా."

అంతసేపు మాట్లాడినదానికి రెండు ముక్కలేనా అనిపించింది గానీ, ఆ రెండు ముక్కలు చాలవూ! పెద్దాయన చెయ్యి పట్టుకుని ఊపాను. ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. మర్నాడు తెనాలికి ఫోన్ చేసి, నాతో పనిచేసిన మాస్టార్లందరికీ చెప్పాను. చూడండయ్యా, ఆటలో ఓడిన పిల్లల గురించి ఎలా మాట్లాడుతున్నారో, మనం మార్కుల కోసం పిల్లల్ని పీక్కు తింటాం అన్నాను. ఒకాయన తన వాట్సాప్ గ్రూపులో పెట్టాడు కూడా.

డిసెంబరు 27న లాస్ వేగాస్‌లో ఆఖరి మ్యాచ్, యూఎస్‌సీ మీద. పెద్దాయన ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. 24-7తో ముందున్నారు, ఇక మనదే అనుకున్నాం. ఇంకా ఎనిమిది సెకన్లుందనగా అవతలివాళ్లు గీత దాటారు. 35-31. ఆఖరి ఐదింట్లో నాలుగు పోయాయి. అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. పెద్దాయన టీవీ ఆపేసి, ఓడిపోలేదు, టైము చాల్లేదంతే అన్నాడు. అది వాళ్ల కాలేజీలో తరతరాలుగా అనుకునే మాటేనట. లేచి వెళ్లి 2025 కొత్త కేలండరు తెచ్చి, ఆగస్టు 30 చుట్టూ మెరూన్ స్కెచ్‌పెన్‌తో సున్నా చుట్టాడు. కొత్త సీజన్లో మొదటి మ్యాచ్. సెప్టెంబరు 13 చుట్టూ ఇంకోటి, నోటర్ డేమ్. అప్పటికింకా కొత్త సంవత్సరమే రాలేదు. (ఆ సెప్టెంబరు 13న నిజంగానే గెలిచారు, 41-40, ఒక్క పాయింటు. తెల్లారాక తెలిసి తెనాలిలో నేనొక్కణ్నే చప్పట్లు కొట్టాను.)

జనవరిలో బయల్దేరే ముందు ఆయనకేదైనా ఇవ్వాలనిపించింది. నాకున్న ఆస్తి చేతిరాత. మంచి డ్రాయింగ్ కాగితం కొనుక్కొచ్చి, రెండ్రోజులు కూర్చుని, ఆయన మాటనే ఆయనకు గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాశాను. కింద ఇంగ్లిషులో నేనే కూడబలుక్కుని రాశాను. చెబితే సరదా పోతుందని మావాడికి చూపించలేదు. ఫ్రేము కూడా నేనే బిగించాను.

ఎయిర్‌పోర్టుకి బయల్దేరే రోజు పెద్దాయన ఇంటి ముందు కారు ఆపించి, దిగి ఆయన చేతికిచ్చాను. కళ్లజోడు తెచ్చుకుని, వెలుతురుకి పట్టుకుని, ఆ వంకర టింకర ఇంగ్లిషుని రెండుసార్లు చదివాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, నాకు అర్థం కావాలని ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"చాలా మంచి మాట. ఎవరన్నారు?"

మీరే అన్నాను. ఆ రాత్రి, అక్కడ, కుక్కల సమాధుల దగ్గర అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ రాత్రి తాను మొత్తుకున్నదంతా ఆ ఒక్క గజం గురించేనట, అక్కడ బంతి విసరాల్సింది, పరిగెత్తకుండా ఉండాల్సింది అని. ఉంగరం ఉన్న వేలిని ఫ్రేము మీద ఒక చోట ఆనించి, "సెవెంటీన్?" అన్నాడు. "మా జట్టులో పదిహేడేళ్లవాళ్లెవరూ లేరే! అందరూ ఇరవైకి అటూ ఇటూ వాళ్లే."

నేను వెనక్కి తిరిగాను. మావాడు వినపడే దూరంలోనే ఉన్నాడు. వాడు తిరగలేదు. డిక్కీలో సర్దిన సూట్‌కేసునే తీసి మళ్లీ సర్దుతున్నాడు.

మా మేనకోడలి పెళ్లి 2018 జూన్ ఆఖర్లో. వాడికి పదిహేడేళ్లు. అంతకు పదిహేను రోజుల ముందే ఐఐటీ రిజల్టొచ్చింది. పెళ్లికి మూడు రోజులుందనగా వార్డెన్ ఫోన్‌లోంచి చేశాడు. "ఒక్కరోజుకి వచ్చి వెళ్లిపోతాను నాన్నా" అన్నాడు.

"ర్యాంకెంతని నలుగురూ అడుగుతారు. రావద్దు" అన్నాను.