వాకాడు జిరాక్స్ షాపులో నేను

నాలో దాచిన ఫైళ్ళు తెరిచి చూస్తే వాకాడు మండలం ఎలా బతుకుతోందో చాలామట్టుకు తెలిసిపోతుంది. రొయ్యల గుంటల లీజు కాగితాలు, కరెంటు మీటరు పేరు మార్పిడికి దరఖాస్తులు, స్వర్ణముఖి బ్యారేజీ కింద నీళ్ళు అందలేదని రైతులు రాయించుకున్న అర్జీలు, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట ఆగినప్పుడు వచ్చే భృతి కోసం తూపిలిపాళెం వైపు మత్స్యకారుల దరఖాస్తులు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు పైరు దెబ్బతిన్నవాళ్ళ మొరలు. వీటి మధ్య శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు. మనుషులు నా ముందు నిలబడి చెప్పుకున్న కష్టమంతా తెలుగు అక్షరాలై నాలో చేరింది. అందుకే ఈ కథ డిస్కు గురించి మొదలైనా అక్షరం దగ్గరికే వస్తుంది.

నేను 2013లో తయారైన ల్యాప్‌టాప్‌ని. ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. విండోస్ 8తో వచ్చాను, తర్వాత విండోస్ 10కి మారాను. నన్ను కొన్నావిడను ఊరంతా జిరాక్స్ అక్క అంటారు. నాకూ ఆమె అక్కే. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఆఫీసు పనికి వచ్చి, లోపలికి వెళ్ళేముందు కాగితం రాయించుకునేది ఆమె దగ్గరే. వాళ్ళు చెప్పేది విని, సాగదీతలు తీసేసి, అధికారికి అర్థమయ్యేలా టైపు చేస్తుంది. ఇది చిన్న పనని నేననుకోను.

కొన్నేళ్ళుగా నాకు ఆయాసం మొదలైంది. హార్డ్ డిస్కులో గుండ్రటి పళ్ళేలు నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఎత్తున ఒక ముల్లు తేలుతూ వాటి మీద రాసింది చదువుతుంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కు యంత్రంలో ఇలాంటి పళ్ళేలు 50, అన్నీ కలిపి పట్టేది సుమారు 5 ఎంబీ. అరచేతిలో ఇమిడే నా డిస్కులో దానికి లక్ష రెట్లు పట్టేది. గొప్ప పనితనమే. కానీ ముక్కలుముక్కలుగా చెదిరిన ఫైళ్ళ కోసం ఆ ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఒక్కో ముక్కకూ సెకనులో దాదాపు వందో వంతు పడుతుంది. విండోస్ తెరుచుకోవాలంటే అలాంటి ముక్కలు వేలకు వేలు. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 లేచినప్పుడు షాపులోవాళ్ళంతా వీధిలోకి వెళ్ళి, పొగ చార చెదిరేదాకా చూసి లోపలికొచ్చారు. అప్పటికీ నేను పూర్తిగా తెరుచుకోలేదు. అర్జీ చేత్తో పట్టుకుని కోట ఊరి బస్సు కోసం తొందరపడే మనిషిని నిలబెట్టడం నాకు బాధగా ఉండేది.

దీనికి తోడు రెండు సంగతులు. డిస్కులో చెడిన సెక్టార్లు కనబడసాగాయి. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగుస్తాయన్నారు. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవాటికే ప్రవేశం. నాది మూడో తరం.

అక్క చెల్లెలి కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సెలవుకొచ్చి నన్ను కాసేపు పరీక్ష చేశాడు.

"కొత్తది కొనమనే అందరూ చెప్తారు పెద్దమ్మా. కానీ దీంట్లో పోయింది డిస్కు ఒక్కటే. ప్రాసెసరుకేం కాలేదు."

"కొత్తదాని రేటెంతుందో తెలుసా నాయనా? గుంటలోళ్ళ బాకీలే ఇంకా రాలా. దీన్నే బాగు చెయ్యి. నా కాగితాలు మాత్రం పోకూడదు."

"కాగితాలు ముందు పక్కన పెట్టాకే స్క్రూ విప్పుతా."

అలాగే చేశాడు. ముందు నా ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, నాలుగైదు తెరిచి సరిచూసుకున్నాడు. తర్వాత బ్యాటరీ తీశాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన స్క్రూలు ఓపికగా విప్పాడు. పాత డిస్కు లాగి, అదే సాటా కనెక్టరుకు 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ తగిలించాడు. ఖాళీగా ఉన్న స్లాటులో ఇంకో 4 జీబీ ర్యామ్ పెట్టాడు. పాత డిస్కును యూఎస్‌బీ పెట్టెలో బిగించి, ఏమీ చెరపకుండా బీరువాలో ఉంచాడు.

ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. 1980లలో తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ అది. విద్యుదావేశాన్ని చిన్న చిన్న గదుల్లో బంధించి సమాచారం దాస్తుంది. సెకనుకు 100 ఎంబీ దగ్గర ఆగిపోయే చదివే వేగం 500కు చేరింది. చెదిరిన ముక్కల కోసం ఎదురుచూపు నూరో వంతుకు పడిపోయింది.

ఆపరేటింగ్ సిస్టంగా లినక్స్ మింట్ ఎక్కించాడు. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మీద కట్టిన ఉచిత వ్యవస్థ ఇది. అక్కకు భయమేసింది. మెనూ దిగువనే ఉంది, ఫోల్డర్లు ఫోల్డర్లలాగే ఉన్నాయి, ప్రింటరు తీగ పెట్టగానే పలికింది. భయం సగం తగ్గింది.

అసలు కష్టం ఆ తర్వాతే వచ్చింది. అక్క ఒక పాత అర్జీ తెరిచింది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. ఒక్క తెలుగు ముక్క లేదు. ఆమె ముఖం పాలిపోయింది.

ఫైలు చెడలేదు. ఆంధ్రదేశంలో కంప్యూటర్లో పేజీలు కూర్చే డీటీపీ పని చాలాకాలం ఇలాగే నడిచింది. పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లు, కొమ్ములు, ఒత్తుల బొమ్మలు కూర్చేవి. ఒక కంపెనీ ఫాంట్లో 'క' ఉన్నచోట ఇంకో కంపెనీ ఫాంట్లో వేరే బొమ్మ ఉండేది. చాకిరేవులో బట్ట మీద పెట్టిన గుర్తు పెట్టినవాళ్ళకే తెలిసినట్టు, ఆ ఫాంటు లేని యంత్రానికి ఆ ఫైలు అర్థం కాదు. యూనికోడ్ పద్ధతి వేరు. అందులో తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా సొంత చోటు ఉంది. 'క' ఎక్కడైనా 0సి15. విండోసైనా, లినక్సైనా, చేతిలో ఫోనైనా అది 'క'యే. 1991 నాటి మొదటి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది. విండోస్ ఎక్స్‌పీతో 2001లోనే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా షాపులు పాత ఫాంట్లనే వాడాయి. ఆ పనికి వాడే పేజ్‌మేకర్ 2001లో 7.0 దగ్గర ఆగిపోయింది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. శుభలేఖలకు ముచ్చటైన అక్షరాలూ అప్పట్లో పాత ఫాంట్లలోనే దొరికేవి. డీటీపీ వాళ్ళను తప్పుపట్టడానికి లేదు.

ఈ సంకెల విప్పడానికి తెలుగువాళ్ళే పూనుకున్నారు. తెలుగు వికీపీడియాకు 2003లో పునాది వేసిన వెన్న నాగార్జున, పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను తయారుచేశారు. దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. సిలికానాంధ్ర ద్వారా మండలి, సురవరం, రామభద్ర వంటివి ఉచితంగా అందాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తెచ్చారు. వీళ్ళ పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండాలని నా కోరిక.

అబ్బాయి అలాంటి మార్పిడి సాధనంతో ఫైళ్ళను యూనికోడ్‌లోకి తిప్పాడు. అక్క మాత్రం యంత్రాన్ని నమ్మి వదల్లేదు. పాత ప్రింటు పక్కన పెట్టుకుని ఒత్తులు, సర్వే నంబర్లు, పేర్లు పైకి చదువుతూ సరిచూసింది. ఒక్క ఒత్తు జారితే మనిషి పేరు మారుతుంది, ఒక్క అంకె మారితే పొలం మారుతుంది. ఆమె పట్టుదల చూసి నాకు గౌరవం పెరిగింది.

వేళ్ళ సమస్య ఇంకొకటి. ఆమె వేళ్ళకు వచ్చింది డీటీపీ వాళ్ళు యాపిల్ అనే కీబోర్డు అమరిక. ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక పెడితే ఒక్క మాట సాగలేదు. వెతికితే లినక్సులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్‌లతోపాటు యాపిల్ అమరిక కూడా కనిపించింది. అది పెట్టగానే ఆమె వేళ్ళు మళ్ళీ పరిగెత్తాయి. శుభలేఖలకు మాత్రం పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ నేర్చుకోవాల్సి వచ్చింది. అది ఇంకా పూర్తిగా చేతికి రాలేదు.

ఇప్పుడు అక్క రాసిన అర్జీ రైతు ఫోనులో కూడా తెరుచుకుంటుంది, వెతికితే పేరు దొరుకుతుంది.

పాత ల్యాప్‌టాప్‌ను పాత సామానుకు వేసేముందు అందులో పోయింది డిస్కేనా అని చూపించండి. ఫైళ్ళు ఎప్పుడూ రెండుచోట్ల ఉంచండి. మీ దగ్గర పాత ఫాంట్లలో ఉన్న అర్జీలు, కథలు, వంశవృక్షాలు, ఊరి చరిత్రలు ఏవైనా ఉంటే, ఆ ఫాంటు ఇంకా పనిచేస్తున్న యంత్రం దగ్గర ఉండగానే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ప్రింటుతో సరిచూసుకోండి.