ప్రతిజ్ఞ అయింది, వార్తలు చదవండి

చోడవరం పిల్లలకి లోకజ్ఞానం చాలడం లేదని పెద్దలకి బెంగ పట్టుకుంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల గుంటలు పేపరు చదవడం లేదట. దేశంలో ఏం జరుగుతోందో పట్టదట. విలువలైతే అసలే లేవట. ఈ మాటలన్నాయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పేపరుని సినిమా పేజీకి మడిచి పట్టుకుని మరీ అన్నారు. పక్కనున్నాయన ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ తలూపారు. అది ఏ దేశంలో జరిగిందో, ఏ సంవత్సరంలో జరిగిందో ఆయనకి తెలీదు. అయినా నాలుగు గ్రూపులకి పంపేసి, ఆ తరవాత పిల్లల భవిష్యత్తు తలుచుకుని నిట్టూర్చారు.

నాకు మాత్రం మా పిల్లల మీద బెంగ లేదు. వాళ్లకి తెలిసినన్ని వర్తమాన విషయాలు గ్రూప్ టూ పరీక్షకి కోచింగ్ తీసుకునేవాళ్లకి కూడా తెలియవు. 2025లో ఎనిమిదో తరగతికొచ్చిన గుంటణ్ణి చూడండి. వాడు ఒకటో తరగతిలో చేరినప్పుడు రాష్ట్ర రాజధాని అమరావతి. రెండో తరగతిలో ఉండగా రాజధానులు మూడన్నారు, అందులో ఒకటి మన విశాఖేనన్నారు. ఎనిమిదికొచ్చేసరికి మళ్లీ అమరావతి. నాలుగో తరగతి దాకా వాడిది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4న నిద్ర లేచేసరికి అనకాపల్లి జిల్లా. చోడవరం మాత్రం ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు, స్వయంభూ వినాయకుడూ కదల్లేదు. అడ్రసు మటుకు మారిపోయింది. ఇంత చరిత్ర ఎనిమిది తరగతుల్లోనే అనుభవించిన వాడికి మనం కరెంట్ అఫైర్స్ నేర్పుతామంటున్నాం.

పళ్లెంలో కూడా పాఠమే. రెండో తరగతిలో వాడు తిన్నది జగనన్న గోరుముద్ద. ఏడో తరగతికొచ్చేసరికి అదే డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. పేరు మారడం వల్ల ఒక మేలు జరిగింది. లంకల గన్నవరంలో వచ్చినవాళ్లందరికీ కాదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు పిల్లలకి తెలిసింది. గుడ్డు మాత్రం రెండు ప్రభుత్వాల్లోనూ కోడే పెట్టింది. బ్యాగు మీద విద్యా కానుక పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. అమ్మ ఖాతాలోకి వచ్చే అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. అప్పుడూ చెప్పింది పదిహేను వేలే, ఇప్పుడూ చెబుతున్నది పదిహేను వేలే. బడి నిర్వహణకని రెండు వేలు తీసేసి పదమూడు వేలు జమ చెయ్యడం 2025లో చూశాం, అంతకు ముందూ చూశాం. ప్రభుత్వాలు మారినా తీసివేత మారదని లెక్కల మాస్టారు చెప్పక్కర్లేకుండానే వాడికి అర్థమైపోయింది.

ఓర్పు మీద పాఠం కావాలన్నా చోడవరం దాటి వెళ్లనక్కర్లేదు. 1998 డీఎస్సీలో అర్హత వచ్చి కొలువు రానివాళ్లకి ఉద్యోగాలిస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. ఆ జాబితాలో అప్పటి చోడవరం ఎమ్మెల్యే కరణం ధర్మశ్రీ కూడా ఉన్నారు. టీచరు ఉద్యోగం కోసం పరీక్ష రాసి, ఫలితం అందేలోగా ఒక మనిషి రాజకీయాల్లోకి వెళ్లి, గెలిచి, శాసనసభలో కూర్చోవచ్చన్నమాట. డీఎస్సీకి చదువుతున్న మా ఊరి కుర్రాళ్లకి ఇంతకన్నా ధైర్యం చెప్పే కబురు ఉంటుందా?

సరే, అసలు సంగతికొద్దాం. పిల్లల్లో విలువలూ వర్తమాన విషయాల మీద ఆలోచనా కలిగించడానికి మన బళ్లలో ఏర్పాటు లేకపోలేదు. రోజూ పొద్దున్న ప్రార్థన దగ్గర రెండూ ఉన్నాయి. ముందు ప్రతిజ్ఞ, తరవాత నేటి వార్తలు. రెండింటికీ మధ్య దూరం ఒక్క నిమిషం. ఆ నిమిషం మీద మాత్రం గట్టి కాపలా ఉంది. ప్రతిజ్ఞలోని మాట వార్తల్లోకి రాకూడదు, వార్తల్లోని మనిషి ప్రతిజ్ఞలోకి రాకూడదు.

ఆ ప్రతిజ్ఞ పుట్టింది కూడా మన దగ్గరే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దాన్ని రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు చేతికి చేరింది. మరుసటి సంవత్సరం విశాఖలో ఒక బడిలో పిల్లలతో చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదవడం మొదలుపెట్టింది. ట్రెజరీ గడప దాటిన కాగితం మూడేళ్లలో దేశం మొత్తం మీద పాసయిందంటే, ఆ శాఖతో పని పడ్డవాళ్లెవరికైనా ఆశ్చర్యమే. ఇంకో వింత ఏమిటంటే పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో ప్రతిజ్ఞ ఏళ్ల తరబడి అచ్చయింది గానీ రాసినాయన పేరు అచ్చవలేదు. సంతకం లేకుండా దేశమంతటా చెల్లిన ట్రెజరీ బిల్లు బహుశా అదొక్కటే.

దేశంలో అందరూ తోబుట్టువులేననీ, తల్లిదండ్రుల్నీ గురువుల్నీ పెద్దల్నీ గౌరవించాలనీ, అందరితో మర్యాదగా ఉండాలనీ పిల్లలు చెయ్యి చాచి రోజూ ఒప్పుకుంటారు. తోబుట్టువుల గట్టు తగాదాలు వినాలంటే చోడవరం కోర్టు ఆవరణలో ఓ పూట నిలబడితే చాలు. అయినా పిల్లలు నమ్మకంగానే చదువుతారు. వాళ్ల గొంతులో తేడా ఉండదు.

ఇప్పుడో ఏడో తరగతి ఆడపిల్లని ఊహించుకోండి. నేను పుట్టించిన పిల్లే, ఆ పిల్ల కోసం ఏ బడికీ వెళ్లి వెతక్కండి. ప్రతిజ్ఞ ముగిసింది. ఈ పిల్ల వార్తలు చదవాలి. రాష్ట్ర వార్త ఒకటి, దేశ వార్త ఒకటి, క్రికెట్ ఒకటి అని మాస్టారు ముందే పేపర్లో గీతలు గీసి ఇచ్చారు. పిల్ల ఆ గీతలు దాటి జిల్లా పేజీ తిప్పేసింది. గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీ బకాయిల కోసం చెరుకు రైతులు రోడ్డెక్కారని చదివేసింది. చదివి ఊరుకుంటే బాగుండేది.

"మేస్టారండీ, మా తాత గోవాడకి చెరుకు తోలీసేడండి. డబ్బులింకా రాలేదండి. అందరం తోబుట్టువులవని ఇప్పుడే చదివేం కదండీ. తోబుట్టువు డబ్బులు ఆపీయొచ్చేటండీ?"

మాస్టారు మంచాయనే. ఆయనకీ ఓ ఎకరం చెరుకుంది. కానీ హెచ్చెమ్ గారు చూస్తున్నారు. "అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో" అన్నారు. ప్రార్థనలో అందరూ నిలబడే ఉంటారు కాబట్టి ఆ పిల్ల ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిపోయింది.

నిజానికి అది సిలబస్‌లోనే ఉంది. సహకార సంఘాలంటే ఏమిటో సాంఘిక శాస్త్రంలో నేర్పుతారు. లాభనష్టాలు లెక్కల్లో నేర్పుతారు. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లులు ఒక్కొక్కటే ఎందుకు మూతపడ్డాయన్నది ఈ రెండు పాఠాలు కలిపి చేసే లెక్క. రైతులే యజమానులైన మిల్లు రైతులకే బాకీ ఎలా పడిందో ఏడో తరగతి పిల్ల అడిగిందంటే, పాఠం ఒంటబట్టిందనే కదా అర్థం. మనం మాత్రం ఆ పిల్లకి మర్యాద చాలలేదని రాసుకున్నాం.

వార్తల్లో అన్నీ చెరుకులా తీపిగా ఉండవు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఎసెన్షియా మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. మన జిల్లాలోనే. మన ఊళ్ల నుంచి ఆ సెజ్‌కి బస్సులెక్కి షిఫ్టులకి పోయే నాన్నలున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాంటి మర్నాడు ప్రార్థనలో ఏం చదవాలి? రెండు నిమిషాల మౌనం పాటించి, తరవాత అబ్దుల్ కలాం సూక్తి చెప్పించి క్లాసులకి పంపేస్తే నియమం ప్రకారం సరిపోతుంది. నాన్న ఆ రాత్రి ఏ షిఫ్టుకెళ్తాడోనన్న పిల్లవాడి ఆలోచన మటుకు నియమం ప్రకారం రాదు. ఇక్కడ నేను వ్యంగ్యం కట్టిపెడుతున్నాను. విలువల పాఠం అంటూ ఒకటుంటే ఆ పూటే చెప్పాలి.

విలువల విషయంలో ప్రభుత్వం నిద్రపోతోందని అనడానికి వీల్లేదు. విద్యార్థుల్లో నైతిక విలువల కోసం 2024 నవంబరులో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావు గారిని సలహాదారుగా పెట్టి క్యాబినెట్ హోదా ఇచ్చారు. ఇన్నాళ్లూ క్యాబినెట్ హోదా ఉన్నవాళ్లకి విలువలుండాలని కోరుకునేవాళ్లం. ఇప్పుడు విలువలకే క్యాబినెట్ హోదా వచ్చింది, అదీ ముందడుగే. ఆయన చెబితే పిల్లలు వింటారు, పెద్దలూ వింటారు. నాకున్న చిక్కల్లా ఒకటే. ప్రవచనంలో చెప్పేవారు ఒకరు, వినేవారు వేలమంది. చెయ్యెత్తి "మరి మా తాత డబ్బులండీ?" అని అడిగే ఆచారం ప్రవచనాల్లో లేదు.

అడిగే ఆచారం ఒక్కరోజు కనిపించింది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో పిల్లల శాసనసభ పెట్టారు. నియోజకవర్గానికి ఒకరు చొప్పున 175 మంది. మన చోడవరం సీటు కూడా ఖాళీ లేదన్నమాట. పిల్లలు సామాజిక మాధ్యమాల మీద చర్చించారు. 16 ఏళ్లలోపు వాళ్లకి వాటిల్లో ఖాతాలు కుదరవని ఆస్ట్రేలియా డిసెంబరు 10 నుంచి అమలు చెయ్యబోతున్న రోజులవి. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు స్వయంగా వచ్చి చూశారు. పెద్దలు ముచ్చట పడ్డారు.

నాకు ముచ్చటేసింది వేరే చోట. పిల్లల సభలో ప్రతిపక్ష నాయకులున్నారు. అసలు సభలో లేరు. 11 సీట్లకి ఆ హోదా రాదని ప్రభుత్వం, ఇస్తే గానీ రామని వైఎస్సార్ కాంగ్రెస్. ఇందులో ఒక పార్టీనే తప్పుపడితే పిల్లలు ఒప్పుకోరు, వాళ్లకి పాత రిజిస్టర్లు కూడా తెలుసు. 2017లో ఇదే జగన్ పార్టీ సభకి రానంది. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి వెళ్లిపోయారు, అన్నట్టుగానే వచ్చారు. మా గుంటడు వరసగా కొన్నాళ్లు బడికి రాకపోతే ఇంటికి ఫోనొస్తుంది, టీచరు తలుపు తడతారు. శాసనసభ్యుడు అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణంలో రాసుంది. సభకి రాకుండా రిజిస్టర్‌లో మాత్రం సంతకాలు పెడుతున్నారని స్పీకర్ అయ్యన్నపాత్రుడే 2025 మార్చిలో సభలో అన్నారు. ఆయనది మన పక్క నర్సీపట్నమే. ఇదే పని ఎనిమిదో తరగతిలో ఎవడైనా చేస్తే దాన్ని ఏమంటారో, ఏ బెత్తంతో అంటారో ఆ నర్సీపట్నం బళ్లలో అడిగినా చెబుతారు.

మళ్లీ నా ఊహలోని బడికొద్దాం. ఆ పిల్ల ప్రశ్న హెచ్చెమ్ గారిని రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. రేపు ఏ అధికారో తనిఖీకి వస్తే, ఈ పిల్ల ఆయన ముందు కూడా తాత చెరుకు ఎత్తితే? స్టాఫ్ మీటింగు పెట్టారు. పిల్లల్లో ఆలోచన పెంచాల్సిందేనని అందరూ ఒప్పుకున్నారు. అది ఎవరికీ ఇబ్బంది లేని వార్తలతో పెంచాలని తీర్మానించారు. రాజకీయం తీసేశారు. ఫ్యాక్టరీలు తీసేశారు. ధరలు తీసేశారు. క్రికెట్‌లో కూడా బెట్టింగు వస్తుందేమోనని ఒకాయనకి అనుమానమొచ్చి అదీ తీసేశారు. చివరికి వాతావరణం మిగిలింది. వానా ఎండా దేవుడి చేతిలోవి, దాంట్లో ప్రశ్నలేముంటాయి?

సోమవారం ప్రతిజ్ఞ అయింది. ఈసారి బుద్ధిమంతుడైన ఆరో తరగతి పిల్లాణ్ణి నిలబెట్టారు. "నేటి వార్తలు. బంగాళాఖాతంలో అల్పపీడనం కారణంగా ఉత్తరాంధ్రలో మోస్తరు నుంచి భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అని గుక్క తిప్పుకోకుండా చదివాడు. హెచ్చెమ్ గారు తృప్తిగా తలూపారు. అప్పుడు వెనక వరసలోంచి ఓ చెయ్యి లేచింది.

"మరైతే గోతులు పడ్డ బీఎన్ రోడ్డు మీద రేపు మా బస్సొస్తాదేటండీ?"